వకాల్తా లేని వకీళ్లు

అమెరికా దేశమున బేస్‌బాల్ ఆట వేసవియందు మైదానములలోను, శీతకాలమునందు మాటలలోను జరుగును. అక్టోబరు చివర గాని నవంబరు తొలిదినములలో గాని కడపటి పోటీ ముగియును. ఫిబ్రవరి నడుమ బంతి విసరువారు తిరిగి సాధనకు చేరుదురు. ఈ మూడున్నర మాసములలో లెక్కకు వచ్చు బంతి యొక్కటియు పడదు. అయినను అభిమానులకు తీరిక యుండదు. ఏ జట్టు ఎవరిని కుదుర్చుకొన్నది, ఎవరిని ఇచ్చి ఎవరిని పుచ్చుకొన్నది, ఎన్ని యేండ్లకు, ఎంత సొమ్మునకు అనునదియే రేయింబవళ్లు చర్చ. వెనుకటి దినములలో చిన్న ఊళ్ల అంగళ్లలో ఇనుప పొయ్యి చుట్టును చేరి చలి కాచుకొనుచు ఈ ముచ్చట సాగించెడివారట. అందుచే నేటికిని ఈ కాలమునకు వేడిపొయ్యి పేరుననే వాడుక. మన రచ్చబండకు అది తోబుట్టువు.

న్యూజెర్సీలో ఉద్యోగము చేయుచున్న నా మేనల్లుడొకడు న్యూయార్క్ మెట్స్ జట్టునకు వీరాభిమాని. 2024 డిసెంబరులో ఆ జట్టు హువాన్ సోటో యను ఇరువదియారేండ్ల ఆటగానిని పదునైదేండ్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్లకు కుదుర్చుకొన్నది. క్రీడాలోకమున అంతకు మునుపెన్నడును వినని మొత్తమది. ఆ వారమున మా వాడు టెలిఫోనులో కుశలప్రశ్నలైనను ముగియకమునుపే, "మామయ్యా, మనం చాలా ఎక్కువ ఇచ్చేశాం. వాడికి నలభై ఏళ్లొచ్చేదాకా మనమే మోయాలి" అని నిట్టూర్చినాడు.

ఆ ‘మనము’ నన్ను పట్టుకొన్నది. మన భాషలో ‘మేము’ వేఱు, ‘మనము’ వేఱు. ‘మనము’ అన్నచో వినువాడును అందు చేరును. ఒక్క మాటతో మా వాడు తనను, నన్ను, మెట్స్ యజమానియగు స్టీవ్ కోహెన్ గారిని ఒకే అవిభక్త కుటుంబముగా చేసివైచినాడు. ఆ సొమ్ములో వానిది గాని నాది గాని చిల్లిగవ్వ లేదు. సోటో మాత్రము ఆ ‘మనము’లో లేడు. అతడు మనము మోయవలసిన బరువు.

ఈ వ్యాసకర్త ఇరువది యేండ్లకు పైగా న్యాయవాద వృత్తియందున్నవాడు. వకాల్తా దాఖలు చేయక, ఫీజు పుచ్చుకొనక, కక్షిదారు ముఖమైనను చూడక ఒక పక్షమున వాదించు వకీలును నేను కోర్టులో కానలేదు. అట్టివారు శీతకాలపు బేస్‌బాల్ చర్చలలో లక్షలకొలది యున్నారు. వారందఱును యజమాని పక్షమువారే యగుట వింత. నా మనవి యేమనగా, అభిమాని చర్చింపవచ్చును, చర్చింపవలెను. కాని ఎవరి పక్షమున నిలిచి చర్చించుచున్నాడో ఎఱిగి చర్చింపవలెను.

వారి పరిభాషను గమనింపుడు. ఆటగాడు ‘ఆస్తి’. ఒడంబడికలో ఇంక నొక్క యేడే మిగిలిన యెడల అతడు ‘అద్దె సరుకు’. ఒక యువకుని విషయమున ‘ఐదేండ్ల అదుపు’ మిగిలియున్నదని సంతోషింతురు. అనగా ఆ ఐదేండ్లును అతడు తన యిష్టమున వేఱొక జట్టునకు పోజాలడని యర్థము. నేటి నిబంధనల ప్రకారము పెద్ద లీగున ఆఱు సంవత్సరముల సేవ నిండినగాని ఆటగానికి స్వేచ్ఛ లేదు. మొదటి మూడేండ్లు సామాన్యముగా కనీసపు జీతము (2025 సంవత్సరమునకు 7,60,000 డాలర్లు) గాని దానికి కొంచెము హెచ్చు గాని ముట్టును. ఆపైని మూడేండ్లు జీతమును గూర్చి మధ్యవర్తి యెదుట వాదించుకొనవచ్చును. ఆ లోపల ఎవడైనను మేటి ఆటగాడైనచో, అతని ఆటకు అంగడిలో వచ్చు ధరకును అతనికి దక్కు జీతమునకును గల వ్యత్యాసమును అభిమానులు ‘మిగులు’ అని పిలిచి మురియుదురు. ఆ మిగులు ఎవరి సంచిలోనికి పోవుచున్నదను ప్రశ్న ఆ మురిపెమున వినబడదు. ఏడు లక్షల డాలర్లు తక్కువయా అని చదువరులు అడుగవచ్చును. తక్కువ కాదు. అయినను ఎక్కువ తక్కువల నిర్ణయము ఎవరి చేతిలోనిది అనునది వేఱు ప్రశ్న, అదియే ఇచ్చట ప్రధానము.

ఈ భాషకు వంశవృక్షమున్నది. 1879లో యజమానులు తమలో తాము రహస్యముగా ఒడంబడి, జట్టునకు ఐదుగురు చొప్పున ఆటగాండ్రను ఇతరులు ముట్టరాదని ‘నిలుపుదల’ చేసుకొనిరి. క్రమముగా ఆ కట్టుబాటు జట్టంతటికిని వ్యాపించినది. తరువాత ఒడంబడికలో ఒక వాక్యము చేరెను: సంవత్సరము తీఱిన పిమ్మట ఆటగాడు క్రొత్త పత్రముపై సంతకము చేయకున్నను, జట్టు మఱియొక యేటికి దానిని పొడిగించుకొనవచ్చునని. ఆ పొడిగించిన యేడాది చివర మరల పొడిగింపు, దానికి మరల పొడిగింపు అని యజమానులు భాష్యము చెప్పిరి. ఒక యేటి పత్రము జన్మఖైదుగా మాఱినది. మన పల్లెలలో సాలుకు కుదిరిన పాలేరు సైతము, కామందునకు అప్పు పడకున్నచో, సాలు తీఱగానే వేఱొక గడప త్రొక్కవచ్చును గదా! జాన్ మాంట్‌గొమరీ వార్డ్ అను ఆటగాడు కొలంబియాలో న్యాయశాస్త్రము చదివి పట్టము పొందినవాడు. 1885లో ఆటగాండ్ర సోదరసంఘమును నెలకొల్పినవాడు. ఆటగాడు జంగమాస్తియా అని అతడు 1887లోనే ఒక పత్రికలో ప్రశ్నించెను. 1890లో ఆటగాండ్రు తామే ఒక లీగును స్థాపించిరి. అది ఒక్క యేడే బ్రదికినది.

1922లో ఈ వ్యవహారము అమెరికా సుప్రీముకోర్టు ముంగిటికి వచ్చెను. జట్లు రాష్ట్రములు దాటి పోయి ఆడుట నిజమే కాని ఆటను ప్రదర్శించుట రాష్ట్రాంతర వాణిజ్యము కాదని జస్టిస్ హోమ్స్ తీర్పు చెప్పెను. కావున గుత్తవ్యాపారమును నిషేధించు శాసనము బేస్‌బాల్‌ను అంటజాలదు! అంతటి మేధావి వ్రాసిన తీర్పులలో ఇంత బలహీనమైనది వేఱొకటి నా చదువున తగులలేదు. 1953లో మరల ప్రశ్న వచ్చినప్పుడు, మార్చవలసినచో కాంగ్రెసు మార్చుకొనుగాక యని కోర్టు చేయి కడుగుకొన్నది. పిమ్మట నాలుగేండ్లలోనే ముష్టియుద్ధమునకును, ఫుట్‌బాల్‌కును ఆ మినహాయింపు చెల్లదనియు అదే కోర్టు పలికినది.

ఇక కర్ట్ ఫ్లడ్ కథ. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టున పండ్రెండు సంవత్సరములు ఆడి, రెండు పర్యాయములు ప్రపంచ విజయమునందు పాలుపంచుకొని, మైదానమధ్యమున కాపు కాయుటలో సాటిలేనివాడని వరుసగా ఏడేండ్లు పురస్కారము పొందినవాడు. 1969 అక్టోబరులో అతనిని మఱి ముగ్గురితో చేర్చి ఫిలడెల్ఫియాకు ఇచ్చి ముగ్గురిని పుచ్చుకొనిరి. అతని నెవ్వరును అడుగలేదు. తన యిష్టాయిష్టములతో పనిలేక కొని యమ్ముటకు తాను వస్తువును కానని, ఇతర జట్లతో మాటలాడుకొనుటకు తనకు అనుమతి నిమ్మని, 1969 డిసెంబరు 24న అతడు లీగు కమిషనర్ బౌయీ కున్‌కు లేఖ వ్రాసెను. కాదనగా దావా వేసెను. ఏటికి తొంబది వేల డాలర్లు పుచ్చుకొనువాడు బానిస యెట్లగునని లోకము నవ్వినది. మంచి జీతము గల బానిసయు బానిసయే యని అతని జవాబు.

విచారణకు జాకీ రాబిన్సన్ వచ్చి అతని పక్షమున సాక్ష్యమిచ్చెను, హాంక్ గ్రీన్‌బర్గ్ ఇచ్చెను. ఇద్దఱును ఆట మానినవారు. నాడు ఆడుచున్నవాడు ఒక్కడును కోర్టుగది కడప దాటి రాలేదు. భయమట్టిది. సుప్రీముకోర్టునందు అతని వకీలు ఆర్థర్ గోల్డ్‌బర్గ్, మునుపు ఆ పీఠమునందే కూర్చుండిన న్యాయమూర్తి. 1972 జూన్ 19న ఐదుగురు ముగ్గురిపై నెగ్గి దావాను కొట్టివేసిరి. తొమ్మిదవవారగు జస్టిస్ పవెల్‌కు కార్డినల్స్ యజమానియైన బీరు కంపెనీలో వాటాలుండుటచే తప్పుకొనిరి. జస్టిస్ బ్లాక్‌మన్ తన తీర్పును బేస్‌బాల్ చరిత్రతోను, ఎనుబదికి పైబడిన వెనుకటి ఆటగాండ్ర నామావళితోను ఆరంభించిరి. ఏకీభవించినవారిలోనే ఇద్దఱు ఆ భాగమున చేరమనిరి. మినహాయింపు విడ్డూరమే యని ఒప్పుకొనుచునే, దీర్ఘకాలముగా నున్నది గనుక ఉండుగాక యని తీర్పు. న్యాయమూర్తి సైతము పొయ్యి యొద్దకు వచ్చి అభిమానిగా కూర్చుండిన దినమది. ఫ్లడ్ 1970 అంతయు ఆడక, 1971లో వాషింగ్టన్ జట్టున పదుమూడు ఆటలు మాత్రమాడి విరమించెను. పది సంవత్సరముల సేవయు, అందు కడపటి ఐదేండ్లు ఒకే జట్టునందును గలవానిని అతని సమ్మతి లేక మార్చరాదను నియమము 1973లో వచ్చినది. పండ్రెండేండ్లు కార్డినల్స్‌నందే యున్న అతనికది సరిగా సరిపోయెడిది. నాలుగేండ్లు ఆలసించి వచ్చెను.

సంకెల తుదకు కోర్టులో తెగలేదు, మధ్యవర్తి యెదుట తెగినది. 1966 నుండి ఆటగాండ్ర సంఘమును నడపిన మార్విన్ మిల్లర్ ఉక్కు కార్మికుల సంఘమునుండి వచ్చినవాడు. అతడు ఒడంబడికలో మధ్యవర్తి తీర్పునకు చోటు సంపాదించెను. 1975లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ యను ఇరువురు సంతకము చేయక ఆడిరి. పొడిగింపు ఒక్క యేడే, అంతటితో సరి యని మధ్యవర్తి పీటర్ సైట్జ్ డిసెంబరు 23న తీర్పు చెప్పెను. ఉన్న వాక్యమును ఉన్నట్లు చదివెను, అంతియే. యజమానులు వెంటనే ఆయనను పనినుండి తొలగించిరి. తీర్పు మాత్రము నిలిచినది.

నిలిచినను కడగండ్లు తీఱలేదు. 1985 మొదలు మూడు శీతకాలములు యజమానులు ఒకరి ఆటగానికి వేఱొకరు ధర పలుకరాదని లోలోపల కూడబలుకుకొనిరి. ఆండ్రే డాసన్ అను మేటి ఆటగాడు 1987 వసంతమున అంకె వేయని ఒడంబడికను చికాగో కబ్స్ చేతిలో పెట్టి, మీకు తోచిన మొత్తము వ్రాసికొనుడనెను. మా కోర్టులలో ఖాళీ కాగితముపై సంతకము చేసి చెడినవారిని పెక్కుమందిని చూచితిని గాని, ఇట్లు తెలిసి తెలిసి చేసినవాడు అరుదు. వారు ఐదు లక్షల డాలర్లు వ్రాసికొనిరి. ఆ యేడు కబ్స్ తమ విభాగమున అట్టడుగున నిలిచినను, లీగున ఉత్తమ ఆటగాడు డాసనే. కుట్ర ఋజువై, 1990లో యజమానులు 28 కోట్ల డాలర్లు చెల్లించుటకు రాజీపడిరి.

ఇచ్చట ప్రతిపక్షవాదమును వినవలెను. అందు సత్యము లేకపోలేదు. పిట్స్‌బర్గ్ వంటి చిన్న పట్టణముల అభిమాని, "లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అందఱిని కొనివేయుచుండగా మా జట్టు ఎన్నడు గెలుచును?" అని వాపోవును. డాడ్జర్స్ 2023 డిసెంబరులో షోహీ ఓతానీని పదేండ్లకు 70 కోట్ల డాలర్లకు కుదుర్చుకొనిరి. అందు 68 కోట్లు వడ్డీ లేక 2034 నుండి పదేండ్లలో చెల్లింతురట. 2024, 2025 రెండేండ్లును వారే ప్రపంచ విజేతలైరి. బాధ నిజమే. కాని కారణమెక్కడ? ఆటగాని స్వేచ్ఛయే కారణమైనచో, స్వేచ్ఛ లేని కాలమున జట్లన్నియు సరిసమానముగా నుండవలసినది. 1947 మొదలు 1964 వఱకు పదునెనిమిదేండ్లలో పదునైదు మార్లు న్యూయార్క్ యాంకీస్ జట్టే తన లీగున అగ్రస్థానమందినది. ఆటగాండ్రు విడుదలయిన పిమ్మటి లెక్క చూడుడు: యాంకీలు 2000లో వరుసగా మూడవసారి గెలిచిన తరువాత, 2025లో డాడ్జర్స్ గెలుచువఱకు, వరుసగా రెండేండ్లు నిలిచిన జట్టొక్కటియు లేదు. డాడ్జర్స్‌కు ఎనిమిది వందల కోట్ల డాలర్లకు మించిన టెలివిజన్ ఒడంబడిక యున్నది. పిట్స్‌బర్గ్‌కు అట్టిది లేదు. అది యజమానులు తమలో తాము తీర్చుకొనవలసిన వాటాల తగవు. కొంత పంచుకొనుచునేయున్నారు. ఆ పంచినదైనను ఆటకు వ్యయపఱచుచున్నారా యని పిట్స్‌బర్గ్, మయామి, టాంపాబే, ఓక్‌లండ్ జట్లపై ఆటగాండ్ర సంఘము 2018లో ఫిర్యాదు చేసినది. పిట్స్‌బర్గ్ అభిమాని కోపము మొదట తన పట్టణమున తన జట్టు యజమాని తలుపు తట్టవలసియున్నది.

బోస్టన్ సంగతియు అంతే. 1919 డిసెంబరులో ఆ యూరి యజమాని బేబ్ రూత్‌ను యాంకీలకు లక్ష డాలర్లకు విక్రయించి, పైగా మైదానముపై మూడు లక్షల అప్పు సంపాదించెను. నూఱేండ్లు తిరిగినవి. 2018లో లీగు ఉత్తమునిగా ఎన్నికై జట్టును గెలిపించిన ముకీ బెట్స్‌ను 2020 ఫిబ్రవరిలో డాడ్జర్స్‌కు ఇచ్చివేసిరి. ఒక్క యేడే మిగిలియున్నది గనుక తెలివైన బేరమని నాడు సమర్థించినవారును కలరు. ఆ జూలైలోనే అతనికి డాడ్జర్స్ పండ్రెండేండ్లకు 36 కోట్ల 50 లక్షలిచ్చిరి. 2020, 2024, 2025 మూడు విజయములయందును అతడున్నాడు. సమర్థించినవారికి మిగిలినదేమి? యజమానికి మిగిలినది జీతము. వారికి మిగిలినది టెలివిజనులో అతనిని వేఱొక చొక్కాతో చూచుట.

యజమాని పక్షమును విడిచి అభిమాని తన పక్షమున తాను నిలిచిన దినములును లేకపోలేదు. ఓక్‌లండ్ జట్టు యజమాని ఆటగాండ్రనందఱిని విడిచిపెట్టి, జట్టునే లాస్ వేగాస్‌కు తరలింపనెంచెను. 2023 జూన్ 13న 27,759 మంది మైదానమునకు వచ్చిరి. వారి ఆకుపచ్చ చొక్కాలపై ఒక్కటే మాట: "అమ్ము". అమ్ముమన్నది ఆటగానిని కాదు, జట్టును! ఆ వారములోనే నెవాడా శాసనసభ క్రొత్త మైదానమునకు 38 కోట్ల డాలర్ల వఱకు ప్రజాధనమును ఆమోదించినది. 2024 సెప్టెంబరు 26న ఓక్‌లండ్‌లో కడపటి ఆట జరిగెను, ఏబదియేడేండ్ల కాపురము ముగిసెను. చదువరులు ఇందొక ముడి గమనింపవలెను. ఆ జట్టును దాపుననున్న సాన్ హోసే పట్టణము రమ్మని పిలువగా, ఆ ప్రాంతము వేఱొక జట్టు హక్కని లీగు అడ్డగించినది. పట్టణము 2013లో దావా వేసినది. 2015లో అపీలు కోర్టు కొట్టివేసినది. ఆధారమేమనగా హోమ్స్ గారి 1922 తీర్పే. కర్ట్ ఫ్లడ్ పేరిట 1998లో వచ్చిన శాసనము పెద్ద లీగు ఆటగాండ్ర ఉద్యోగ విషయములకే ఆ మినహాయింపును తొలగించినది. అతడు 1997 జనవరిలోనే కన్నుమూసెను. నాడు ఆటగానిని కట్టిన త్రాడు నేడు అభిమానిని కట్టుచున్నది.

మన దేశమున ఐ.పి.ఎల్. వేలము 2008 నుండి జరుగుచున్నది. అమెరికాలో వేదికపై సుత్తితో ధర కొట్టుట లేదు, ఆ మర్యాదయైనను పాటింతురు. 2024 నవంబరు వేలమున మన హైదరాబాదు సిరాజ్ 12 కోట్ల 25 లక్షల రూపాయలకు గుజరాత్ జట్టునకు పోయినప్పుడు, మా బార్ రూములో ఒక జూనియరు "దండగ బేరం" అనెను. ఎవరికి దండుగ అని అడిగితిని. అతడు కాఫీ త్రాగసాగెను.

యజమానులకును ఆటగాండ్రకును 2022 మార్చిలో, తొంబదితొమ్మిది దినముల తాళముల పిమ్మట కుదిరిన ఒడంబడికకు గడువు 2026 డిసెంబరు 1. జీతములకు గరిష్ఠపరిమితి కావలెనని యజమానులలో పలువురు అనుచునేయున్నారు. 1994 ఆగస్టులో ఆట ఆగి, ఆ యేటి ప్రపంచ పోటీ రద్దయినదియు ఈ తగవుపైననే. తగవు వచ్చినప్పుడెల్ల ఆటగాండ్ర జీతములు పైసలతో సహా పత్రికలకెక్కును. యజమాని ఆదాయ వ్యయములు మాత్రము కానరావు. ఏ దావాలోనైనను ఒక పక్షము దస్తావేజులు మాత్రము దాఖలై, రెండవ పక్షము లెక్కలు పెట్టెలోనే యున్నచో, మొదట అడుగవలసినది ఆ పెట్టె తాళపుచెవి. అట్లాంటా బ్రేవ్స్ జట్టు సంస్థ 2023 నుండి వేఱుగా వాటాల అంగడిలో నున్నది గనుక మూడు మాసములకొకమారు తన లెక్కలు ప్రకటింపక తప్పదు. కాబ్ కౌంటీ ప్రజలు సుమారు 30 కోట్ల డాలర్లు భరించి కట్టించుటకు సాయపడిన మైదానము చుట్టునున్న అంగళ్ల అద్దెలతో సహా అందు చూడవచ్చును.

ఆ లెక్కలు ఎచ్చట దొరకునో మా మేనల్లునికి తెలిపితిని. రెండు దినముల తరువాత వాడు టెలిఫోను చేసి, చదివితిననియు, నిద్రపట్టలేదనియు చెప్పెను. "అది సరే గానీ మామయ్యా, మనది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగెను.

దొరకదంటిని.